ఇంట్లో తాగని నీళ్లు

నీళ్ల క్యాను భుజాన పెట్టుకుని మెట్లెక్కుతుంటే ఆమెకి ఆయాసం వచ్చింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆయనకి నడుం నొప్పి, అత్తగారికి మోకాళ్లు. నొప్పులు లేని మనిషని ఇంటిల్లిపాదీ కలిసి ఆమెకి ఎప్పుడో ముద్ర వేసేశారు. కొట్టువాడు పైదాకా తెచ్చిస్తానన్నా ఆయన ఒప్పుకోలేదు. "అందరి కళ్లూ పడతాయి. ఎవరైనా అడిగితే అమ్మకి కుళాయి నీళ్లు అరగట్లేదని చెప్పు," అన్నాడు. ఎందుకలా అంటే, "చెప్పింది చెయ్యవూ," అన్నాడు. చేసింది. పెళ్లయిన దగ్గర్నుంచీ చేస్తున్నది అదే కనుక ఇందులో కొత్తేమీ కనబడలేదు.

కింది వాటాలో బట్టలు కుట్టే అమ్మాయి, నిండు నెలల మనిషి, కుళాయి కింద బిందె పెట్టుకుని నిలబడి ఉంది. "మళ్లీ క్యానా అక్కా? మీ అత్తగారిది రాజుల కడుపు," అని నవ్వింది. ఆమె కూడా నవ్వేసి పైకొచ్చింది.

ఆ నవ్వులు అత్తగారి చెవిన పడనే పడ్డాయి. "నా కడుపుకేమొచ్చింది? రాళ్లు తిన్నా అరాయించుకుంటాను. మొగుడూ పెళ్లాలు కలిసి వీధి వీధంతా నా కడుపు గురించి చాటింపు వేశారు. కుళాయి నీళ్లు ఎవరమూ నోట్లో పోసుకోకూడదని వాడే కదా నాతో అన్నాడు? నీకు చెప్పలేదూ?"

చెప్పలేదు. క్యాను కింద దించింది. ఆయన నీళ్ల సరఫరా శాఖలో ఇంజినీరు. ఊరి నీళ్లకి పరీక్షలు చేయించేది ఆయనే. ఆ రిపోర్టులు జనం అడిగినా చూపించనక్కర్లేదని ఆ శాఖకి మినహాయింపు ఉంది. అలాంటి మినహాయింపులు ఇంకా అవసరమా కాదా అని పరిశీలించే కమిటీలోనే ఆమెకి ఉద్యోగం. సొంతవాళ్ల శాఖ ఫైలు ముట్టుకోకూడదని నియమం ఉన్నా, "ఎవరు చూడొచ్చారు, నువ్వే కానిచ్చెయ్," అన్నాడాయన. నిన్ననే కానిచ్చేసింది. జనం అనవసరంగా భయపడకుండా మినహాయింపు కొనసాగించవచ్చని చక్కగా నోటు రాసింది. ఆ పదాలు కూడా ఆయనవే.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "మా ఫైలు ఇవాళేగా?"

"ఆ నీళ్లలో ఏముంది?"

"ఏమీ లేదు. ఉన్నదేదో బాగుచేస్తున్నాం. ఈలోగా జనం బెంబేలెత్తిపోతే జవాబు ఎవడు చెప్తాడు?"

"కింద అమ్మాయి అవే తాగుతోంది. ఒట్టి మనిషి కూడా కాదు."

"లోకం బాధలన్నీ నీకే కావాలా? ఇంటి గుట్టు వీధిలో పెట్టకు. నా ఉద్యోగం పోతుంది," అని బూట్లు వేసుకున్నాడు.

ఆమె గబగబా కిందికి దిగింది. "ఆ నీళ్లు తాగకమ్మా."

"ఎందుకక్కా?"

అత్తగారి కడుపు వంక నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "ఏదో తేడాగా ఉన్నాయి."

"పోన్లే, కాచుకుని తాగుతాను."

కాస్తే పోయేదో పోనిదో ఆమెకి తెలియదు. తెలియజెప్పే కాగితం మినహాయింపులో ఉంది. "కాచినా వద్దు. పైన క్యాను ఉంది, ఎవరి చేతైనా తెప్పించుకో," అని పరుగులాంటి నడకతో బస్సు ఎక్కేసింది. ఎక్కిందన్న మాటే గానీ కుదురు లేదు. ఈ ఒక్క పిల్లకి చెప్పింది సరే, పక్కింటికి? ఆ వెనక వీధికి? నడుం నొప్పి వంక పెట్టి తన చేత అంత బరువు మోయించిన మనిషి, ఎందుకు మోస్తున్నావో చెప్పడానికి మాత్రం తనని నమ్మలేదు. నోటు నిలబడితే బిందెలు నిండుతూనే ఉంటాయి. నోరు విప్పితే సాయంత్రం ఏ ముఖంతో ఇంటికెళ్లడం? అత్తగారు ఏమంటుంది? తన ఉద్యోగం మటుకు మిగులుతుందా? దిగాల్సిన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచొచ్చింది.

మీటింగు గదిలో ఆడమనిషి ఆమె ఒక్కతే కాబట్టి, "టీలు చెప్పమ్మా," అన్నాడు కమిటీ పెద్దాయన. చెప్పొచ్చి కూర్చునేసరికే ఫైలు తెరిచి ఉంది. ఎదురుగా నీళ్ల శాఖ పెద్ద అధికారి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"కొనసాగించవచ్చని అమ్మాయి శుభ్రంగా రాసింది. తర్వాతది తియ్యండి," అన్నాడు పెద్దాయన.

ఆమె లేచింది. "నా నోటు వెనక్కి తీసుకుంటున్నానండీ. ఈ ఫైలు నేను చూడకూడదు. నన్ను సాక్షిగా రాసుకోండి."

"దేనికి సాక్షి?"

"ఆ కుళాయి నీళ్లు మా ఇంట్లో తాగడం మానేశామండీ. తాగొద్దన్నారు."

పెద్దాయన కళ్లజోడు తీసి సానుభూతిగా నవ్వాడు. "ఇళ్లల్లో సవాలక్ష అనుకుంటారమ్మా. అన్నదెవరు, డాక్టరా?"

"మా ఆయనండీ," అంది ఆమె. "మీరు దాచమంటున్న ఆ రిపోర్టుల మీద సంతకం ఆయనదే."