ఒక పన్ను తగ్గించినందుకు

ఆమె కట్టుడు పళ్ళు చేస్తుంది. డాక్టర్లు నోట్లో అచ్చు తీసి ల్యాబ్‌కి పంపిస్తే, ఆ అచ్చుకు సరిపడా పన్ను చేసి, పక్కపన్ను రంగుకు రంగు కలిపి తిరిగి పంపుతుంది. ఆ మనిషి మొహం ఆమె చూడదు. పన్ను మాత్రం ఆ మనిషితోపాటే పుట్టినట్టు ఉండాలి. అందుకని అంచున ఓ చిన్న గీత, చిగురు దగ్గర కాస్త పసుపు, ఎక్కడో ఓ టీ మరక కావాలనే పెడుతుంది.

"మరీ తెల్లగా ఉంటే అబద్ధమని ఇట్టే పట్టేస్తారు," అంటుంది ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళతో. "మరక పెట్టండి. మరకే నిజం."

ఈ ముక్కే ఆమె కొంప ముంచింది.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటే ఆమె ఇంకో మనిషి. జపాన్ బొమ్మల కథలు, అదే మాంగా, చదువుతుంది. అందులోనూ ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకునే కథలు. బాయ్స్ లవ్ అంటారు వాటిని. కుడి నుంచి ఎడమకు చదవాలి. గది గోడకున్న అల్మారా నిండా అవే. చదివి ఊరుకోదు, సమీక్ష రాస్తుంది. అలాంటివాళ్ళే వేలమంది చేరిన గుంపు ఒకటుంది ఫోన్‌లో. అక్కడ ఆమె పేరు కట్టుడుపన్ను. అందరూ పన్నక్క అంటారు. మిగతావాళ్ళు ఐదుకు ఇన్నని స్టార్లిస్తే ఈవిడ పళ్ళిస్తుంది. ఐదు పళ్ళూ వచ్చిన పుస్తకాన్ని జనం కళ్ళకద్దుకుని కొంటారు. రెండు పళ్ళొస్తే ఆ పుస్తకం నోరు మూసుకోవాల్సిందే.

ఆ గుంపుకో కట్టుబాటుంది. పన్ను తగ్గిస్తే ఆధారం చూపాలి. చూపలేకపోతే సమీక్ష తీసేయాలి. కల్పించి చూపితే గుంపులోంచి గెంటేస్తారు, మళ్ళీ జన్మలో రానివ్వరు. ఆ కట్టుబాటు పెట్టించింది పన్నక్కే. దానితో ఇద్దరు ముగ్గురిని సాగనంపింది కూడా.

ఇంట్లో ఆమె, తమ్ముడు. అంతే. తమ్ముడు పిల్లలకు ఈత నేర్పుతాడు. మెడలో ఎప్పుడూ ఈల. ఎడమ చెవిలో ఎప్పుడూ నొప్పి, నీళ్ళు చేరి.

ఓ ఆదివారం పొద్దున ఆమె అల్మారా దులుపుతుంటే వాడొచ్చి ఒక పుస్తకం లాగాడు.

"అక్కా, వీళ్ళిద్దరూ చివరికి కలుస్తారా?"

"చెప్తే చదవవుగా."

"చదవడానిక్కాదు అడిగేది." పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్న సంగతి కూడా వాడికి తెలీలేదు. "మన లిఫ్టు బాగుచేయడానికి మెకానిక్ వచ్చాడు, గుర్తుందా?"

"గుర్తులేకపోవడమేంట్రా, మొన్న కూడా వచ్చాడుగా. మన లిఫ్టు ఎప్పుడో బాగయింది, ఇంకా ఎందుకొస్తున్నాడు?"

"అందుకే," అన్నాడు వాడు.

ఆమె చేతిలో దుమ్ముగుడ్డ ఆగిపోయింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఈ పేజీ ఆమె ఎన్నిసార్లు చదివిందో!

"ఇంకెవరికీ చెప్పలేనక్కా. నువ్వు ఇవన్నీ చదివి ఏడుస్తావుగా, నీకైతే అర్థమవుతుందనిపించింది. వాడుండేది అన్నావదినల దగ్గర, తెలిస్తే బయటికి నెట్టేస్తారు. నాది పిల్లలతో పని. ఈత కొలనులో ఎవరికైనా పొక్కిందంటే ఆ రోజే ఇంటికి పంపిస్తారు. నీ నోట రాకూడదు."

"చచ్చినా రాదురా," అంది. తమ్ముడి తల పట్టుకుని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, అందులో నాటకం లేదు. కానీ ఆ ఏడుపు అడుగున ఇంకో సంబరముంది. ఇన్నేళ్ళుగా కాగితం మీద చూసింది పక్క గదిలోనే జరగబోతోంది.

మెకానిక్ ఆ తర్వాత ధైర్యంగానే రావడం మొదలుపెట్టాడు. మాటలు తక్కువ మనిషి. వేళ్ళ సందుల్లో గ్రీజు. "అక్కా, ఫ్యాను చప్పుడు చేస్తోంది, చూడనా?" అని అడిగి మరీ బాగుచేసేవాడు. సాయంత్రం తమ్ముడు సోఫాలో పడుకుని వాడి మోకాలి మీద తల పెట్టేవాడు. మెకానిక్ చెవి మందు సీసాను ముందు పిడికిట్లో పెట్టుకుని కాసేపు అలా కూర్చునేవాడు. చల్లటి చుక్కలు పడితే తల తిరుగుతుంది గనక, తన వేడితో వెచ్చబెట్టేవాడు. తర్వాత చుక్కలు వేసేవాడు. అవి లోపలికి దిగేదాకా ఇద్దరూ పలికేవాళ్ళు కాదు.

ఆమె వంటింటి గుమ్మంలోంచి చూసేది. చూపు తిప్పుకోవాలని తెలుసు. తిప్పుకునేది కాదు.

ఇలా ఉండగా 'ఉప్పునీటి గది' వచ్చింది. ముత్యాల కోసం మునిగే కుర్రాడికీ, పడవలకు రంగులేసే అతనికీ మధ్య ప్రేమకథ. గుంపు మొత్తం వెర్రెత్తిపోయింది. పిల్లిమీసం అనే సమీక్షకురాలు ఐదుకు ఐదిచ్చి, పన్నక్క ఏమంటుందో చూస్తానని సవాలు విసిరింది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

పన్నక్క నాలుగు పళ్ళిచ్చింది. ఒకటి తగ్గించడానికి కారణం: రంగులతను మునిగే కుర్రాడి చెవిలో మందు వేసే పేజీ. మంచులో పెట్టిన సీసా తీసి, టపటపా రెండు చుక్కలు వేసి, వెంటనే ముద్దు. "ప్రేమించినవాడు అలా వేయడు," అని రాసింది.

గంట తిరక్కుండా పిల్లిమీసం దిగింది. "పళ్ళు పీకే కుర్చీలోంచి చెవుల మీద తీర్పులా? పన్నక్కా, కట్టుబాటు నువ్వు పెట్టిందేగా. ఆధారం?"

కింద జనం నవ్వులు. ఆధారం, ఆధారం అంటూ చప్పట్లు.

ఆధారం చేతికందే దూరంలోనే ఉంది. మందు డబ్బా మీద అచ్చేసే ఉంది: వాడే ముందు సీసాను చేతిలో పెట్టుకుని వెచ్చబెట్టండి. దాని ఫోటో పెడితే పిల్లిమీసం నోరు మూతపడేది. ఆమెకది తట్టకపోలేదు. డబ్బా చేతిలోకి తీసుకుంది కూడా. కానీ డబ్బా మీద ప్రేమ లేదు. డబ్బాతో గెలిస్తే వాదన గెలిచినట్టే, జనం కళ్ళు చెమర్చవు.

డబ్బా పక్కన పెట్టి రాయడం మొదలుపెట్టింది.

"నాకు తెలిసిన ఇద్దరున్నారు. ఒకతను నీళ్ళలో పనిచేస్తాడు, ఇంకొకతను ఎత్తుల్లో..." ఊరు రాయలేదు, పేర్లు రాయలేదు, వృత్తులు మార్చేశాననుకుంది. పిడికిట్లో సీసా రాసింది, ఆ నిశ్శబ్దం రాసింది. తిరిగి చదువుకుంటే బాగానే ఉంది గానీ మరీ తెల్లగా ఉంది. పుస్తకంలో బొమ్మలా ఉంది. వేళ్ళు అలవాటు కొద్దీ మరక కోసం వెతికాయి. దొరికింది. తల వాల్చినప్పుడు మెడలో ఈల జారి అవతలివాడి మోకాలి మీద పడుతుంది. ఆ ఈల నీలం తాడు ఒకసారి తెగితే, అవతలివాడు తన పనిముట్ల పెట్టెలోంచి ఎర్ర వైరు ముక్క తీసి చుట్టిచ్చాడు. కొత్త తాడు కొనుక్కోకుండా ఇతను ఆ వైరుతోనే తిరుగుతున్నాడు.

అదీ రాసింది. పంపింది.

పిల్లిమీసం ఓడిపోయానని ఒప్పుకుంది. అంతమంది ఏడ్చిన సమీక్ష గుంపు పుట్టాక లేదన్నారు. "పన్నక్కా, వాళ్ళ గురించి ఇంకా రాయవా?" అని ప్రాధేయపడ్డారు. ఆమె ల్యాబ్‌లో పన్నుకు పాలిష్ పడుతూ తనలో తనే నవ్వుకుంది.

శత్రువెవరూ పట్టుకోలేదు. పట్టుకుంది అభిమాని.

ఈత కొలనులో ఒక చిన్నపాప తల్లి ఉంది. మంచిది. పన్నక్క రాసిన ప్రతి అక్షరం చదువుతుంది. పాపను తీసుకెళ్ళడానికొచ్చి, ఈత మాస్టారి మెడలో ఈల చూసింది. నీలం తాడు. ఎర్ర వైరు.

"మాస్టారూ, ఆ వైరు ఎవరు చుట్టారండీ?"

"స్నేహితుడండీ," అన్నాడు వాడు నవ్వుతూ.

"చెవినొప్పి తగ్గిందా?"

"తగ్గింది... మీకెలా తెలుసు?"

ఆవిడ ఆనందం పట్టలేక చిన్నగా కేక పెట్టింది. "మీరేనా! అయ్యో, మీ కోసం నేనెంత ఏడ్చానో! మీరిద్దరూ చల్లగా ఉండాలి మాస్టారూ!" అంటూనే ఈలను ఫోటో తీసింది. దొరికారు అని రాసి, పక్కన బోలెడు ఎర్ర గుండె బొమ్మలు గుచ్చి గుంపులో పెట్టింది. దానికింద ఇంకెన్నో గుండెలు కురిశాయి. ఎవరికీ కీడు చేసే ఉద్దేశం లేదు. గుండెల మీద గుండెలు పడుతూ ఆ ఫోటో ఆ ఫోన్‌లోంచి ఈ ఫోన్‌లోకి, ఈ ఫోన్‌లోంచి ఇంకో తల్లి ఫోన్‌లోకి, అక్కణ్ణుంచి ఆ తల్లి మొగుడి ఫోన్‌లోకి వెళ్ళింది. మొగుళ్ళు గుండె బొమ్మలు పెట్టలేదు. కొలను మేనేజరుకి ఫోన్ చేశారు.

ఆ రోజు తమ్ముడు ఎండ ఉండగానే ఇంటికొచ్చాడు. తల తడిగానే ఉంది. ఫోన్ ఆమె ముందు పెట్టాడు.

"పన్నక్కంటే నువ్వేగా?"

ఆమె ఫోన్‌ని బోర్లించింది.

"అడిగింది నిన్నే. నువ్వేనా?"

"పేర్లు రాయలేదురా. ఊరు రాయలేదు. అన్నీ మార్చాను..."

"వైరు మార్చావా?"



వాడు అల్మారా మీదనుంచి మందు డబ్బా తీసి, వెనకవైపు తిప్పి చూశాడు. వెచ్చబెట్టమని అచ్చేసిన ముక్క చదివాడు.

"దీని ఫోటో పెట్టుంటే సరిపోయేది కదక్కా," అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. "ఆ ఫోటో వాళ్ళ అన్నదాకా వెళ్ళింది, వైరు వాడి పెట్టెలోదేనని పోల్చుకున్నాడట. వాడి ఫోన్ పనిచేయట్లేదు. వాళ్ళింటికెళ్తే వాళ్ళ వదిన తలుపు సగమే తీసింది. వాడు లేడు, ఇంకెప్పుడూ రావద్దు అంది. లోపల వాడి దగ్గు వినబడింది నాకు."

"ఒరేయ్, నేను వెళ్ళి మాట్లాడతా..."

"నువ్వు ఇంకెక్కడికీ వెళ్ళొద్దు. ఒక్క పని చెయ్యి చాలు. మేనేజరు మంచివాడే. ఆ రాసినావిడ అంతా కల్పించి రాశానని ఒక్క ముక్క రాస్తే, అది చూపించి నోళ్ళు మూయిస్తానన్నాడు. వాళ్ళ అన్నకి కూడా అదే చూపిస్తా. కల్పించాను అని రాయి. ఒక్క మాట."

"అలాగేరా. ఇప్పుడే రాస్తా," అంది.

రాసింది కూడా. 'నేను చెప్పిన జంట లేదు. వాదన గెలవడానికి అంతా నేనే కల్పించాను.' వేలు పంపే గుర్తు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది.

ఇది పంపితే పన్నక్క చచ్చినట్టే. తన చేత్తో తను పెట్టిన కట్టుబాటు. పిల్లిమీసం దగ్గరుండి గెంటిస్తుంది. ఎన్నేళ్ళ పేరు! బయట ఆమె ఎవరు? మొహం తెలియనివాళ్ళకు పళ్ళు చేసే మనిషి. అయినా సరే అనుకుంది. తమ్ముడి కంటే ఎక్కువా అనుకుంది. మళ్ళీ చదివింది. మరీ తెల్లగా ఉంది అనిపించింది. ఇంత చప్పుడయ్యాక ఉన్నట్టుండి అంతా అబద్ధమంటే ఎవరు నమ్ముతారు? కాస్త నిజం కలిస్తేనే నమ్ముతారు. ఇదంతా వాడి మంచికే అని తనకు తను నచ్చజెప్పుకుని, 'అంతా కల్పించాను' కొట్టేసింది. 'కొన్ని వివరాలు మార్చి రాశాను. ఆ ఫోటోలోని వ్యక్తికీ దీనికీ సంబంధం లేదు' అని రాసి పంపింది.

కొన్ని వివరాలు మార్చినవాళ్ళను గుంపులోంచి తీసేయరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. రాసేటప్పుడే తెలుసు.

అందరికంటే ముందు పిల్లిమీసమే వచ్చింది. "కొన్ని మార్చావంటే మిగతాదంతా నిజమేగా! పైగా ఆ మాస్టారిని కాపాడుతున్నావు. ఇప్పుడు పూర్తిగా నమ్మాను పన్నక్కా. ఐదు పళ్ళూ నీకే." కింద గుండెలు.

మేనేజరు కూడా చదివాడు. ఆయనకూ అలాగే అర్థమైంది.

తమ్ముడు సంచి సర్దుకుంటున్నాడు. దూరంగా ఇంకో ఊళ్ళో తెలిసినవాడి గదిలో చోటుందట. ఈత ఉందో లేదో తెలీదు. ఈల మాత్రం సంచిలో పెట్టలేదు. బల్ల మీదే వదిలేశాడు, వైరు విప్పి తీసుకుని.

"ఉండరా," అంది ఆమె గుమ్మంలో నిలబడి. "ఇప్పుడు రాస్తా. అంతా కల్పించానని రాస్తా. నన్ను గెంటేసినా సరే."

"నీ సమీక్షలు నేనూ చదివానక్కా, నిన్నంతా కూర్చుని," అన్నాడు వాడు బట్టలు మడుస్తూ. "బాగా రాస్తావు. మా గురించి రాసింది అన్నిటికంటే బాగుంది. కథ నిజం. ఆ ఇద్దరూ నిజం. ఆ అక్క ఒక్కతే నమ్మేలా లేదు."

ఆధారం? అంది లోపల ఏదో, అలవాటు కొద్దీ. ఆమె పళ్ళు బిగించింది.

చెవి సలుపుతున్నట్టుంది, వాడు మందు సీసా తీసుకుని మంచం మీద కూర్చున్నాడు. తల పక్కకు వాల్చాడు. వెచ్చబెట్టలేదు. తన చెవిలో తనే వేసుకోబోతే చుక్క గురి తప్పింది. ఆమె ఒక్క అడుగు ముందుకేసి చెయ్యి చాపింది.

"ముట్టుకోకు," అన్నాడు.

ఆమె ఆగిపోయింది. ఆ చుక్క చెవి తమ్మె మీంచి జారి, దవడ వెంబడి దిగి, ఈల తాడు ఒరుసుకుని చర్మం గట్టిపడిన చోట ఒక్క క్షణం నిలిచి, చొక్కా కాలరులోకి ఇంకిపోయింది. ఆ నిలిచిన చోటు ఏ పుస్తకంలోనూ, ఏ బొమ్మలోనూ ఆమె ఇంతవరకు చూడలేదు.

చూపు తిప్పుకోవాలని తెలుసు. తిప్పుకోలేదు. వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి, ఫోన్‌లో రాస్తున్నట్టు.