అమ్మ మాట జవదాటని పిల్ల

"వదినా, నువ్వు పుట్టాక నీకు భయం పుట్టలేదు. ముందు భయం పుట్టి, దానికి తోడు కావాలని నువ్వు పుట్టావు," అంది ఆడపడుచు, అనాథాశ్రమం ముందు టాక్సీ దిగుతూ.

నాలుగేళ్లుగా ఆ పరాయి దేశంలో ఉద్యోగం చేస్తున్న మనిషి. అన్నావదినలు కూతురు బుజ్జితో చూడ్డానికి వస్తే, దానికి పొట్టయిపోయిన బట్టలు మూట కట్టించి తెచ్చింది. పిల్లల చేతికే ఇద్దామని.

ముందుగదిలో ఫినాయిలు వాసన. గోడకు పిల్లల ఎత్తులో కొక్కేలు, వాటికి నీలం గౌన్లు. పొద్దుటి వార్డెన్ నవ్వుతూ బుజ్జి ఒంటిమీది బట్టలు మార్పించి, ఒక గౌను తొడిగింది. చెప్పులు తీయించి అరలో పెట్టింది. ఇక్కడికొచ్చే పిల్లలెవరైనా ఇక్కడి పిల్లల్లాగే ఉండాలట. లేకపోతే ఆ పసివాళ్లు చిన్నబుచ్చుకుంటారట.

"ఆ గౌను తీయించెయ్యి అమ్మాయ్. నా గుండె జారిపోతోంది," అంది తల్లి.

"నీ గుండె జారని పూట ఏదో చెప్పు, క్యాలెండర్లో రాసుకుంటాను," అన్నాడు భర్త.

లోపల ముప్పైమంది పిల్లలు. బుజ్జి వాళ్లలో పాలలో నీళ్లలా కలిసిపోయింది. అదే చామనఛాయ, అదే పొట్టి క్రాపు. తల్లి రెండుసార్లు పరాయి పిల్ల వీపు చూసి పిలవబోయి నాలిక కరుచుకుంది.

పన్నెండింటికి పొద్దుటి వార్డెన్ ఇంటికెళ్లిపోయింది. ఇంకొకావిడ వచ్చింది. తల్లి బుజ్జి చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి రాగానే, ఆవిడ అడ్డంగా నిలబడింది.

"ఈ పిల్లని ఎక్కడికి తీసుకెళ్తున్నారంటోంది." ఆడపడుచు గొంతులో ఇప్పుడు వెటకారం లేదు. "మన పిల్లేనని చెప్పాను. పోయిన నెల కూడా ఎవరో మా పిల్లే అని ఒకదాన్ని తీసుకుపోయారట. ఇంకా దొరకలేదట."

ఫోన్లో ఫొటోలు చూపిస్తే, ఆ తీసుకుపోయినవాళ్లూ చూపించారంది వార్డెన్. పొద్దుటావిడ ఫోన్ ఎత్తలేదు. పాస్‌పోర్టులు హోటల్లో ఉన్నాయి. భర్త వాటికోసం పరుగెత్తాడు.

వార్డెన్ మోకాళ్ల మీద కూర్చుని, తల్లిని చూపిస్తూ బుజ్జిని ఏదో అడిగింది.

"ఈమె నీకేమవుతుందీ అంటోంది. చెప్పు తల్లీ," అంది మేనత్త.

బుజ్జి పెదవులు బిగించింది.

తల్లికి తన పాఠం గుర్తొచ్చింది. విమానమెక్కిన దగ్గర్నుంచీ రోజూ తనే వల్లె వేయించింది: "పరాయివాళ్లు మీ అమ్మ ఏదని అడిగితే నోరు విప్పకు. నన్ను చూపించావంటే ఇద్దర్నీ ఎత్తుకుపోతారు. నేనే చెప్పమన్నా చెప్పకు. నన్ను బెదిరించి అనిపిస్తున్నారని అర్థం."

"చెప్పవే బంగారం! అప్పుడన్నది వేరు. ఇప్పుడు నిజంగా నేనే అంటున్నా!"

"ఏడవకు వదినా, పిల్ల బెదిరిపోతుంది."

ఆమె గొంతు ఎంత వణికితే బుజ్జి పెదవులు అంత బిగిశాయి. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి, ఎంత బాగా గుర్తుపెట్టుకున్నానో చూశావా అన్నట్టు.

వార్డెన్ లేచింది. కాపలావాణ్ణి పిలిచి గేటుకి తాళం వేయించింది.

"కాగితాలొచ్చేదాకా పిల్ల లోపలే ఉండాలట. పోలీసులకి కూడా చెబుతుందట, వదినా."

భోజనం గంట మోగింది. నీలం గౌన్లన్నీ వరుస కట్టాయి. వార్డెన్ బుజ్జిని తీసుకెళ్లి ఆ వరుస మధ్యలో నిలబెట్టింది.

"బుజ్జీ!"

ఆ కేకకి నలుగురైదుగురు పిల్లలు వెనక్కి తిరిగారు. అందులో ఒకతె చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని, మాట్లాడకమ్మా అన్నట్టు తల అడ్డంగా ఊపి, వరుసతోపాటు లోపలికి నడిచింది. వెనకాలే తలుపు మూసుకుంది.