రెండు బాణాలూ, గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగూ

నేను ఒక ప్రొపెల్లర్ షాఫ్టుని. పేరు గంభీరంగా ఉంటుంది గానీ, నిజానికి జీపు పొట్ట కింద ఉండే ఇనప గొట్టాన్ని. ముందు గేరుబాక్సు తిప్పిన తిప్పుడుని వెనక చక్రాలకి అందించడం నా ఉద్యోగం. మీరు నన్నెప్పుడూ చూసి ఉండరు. మీ తప్పేం లేదు. మన దగ్గర బండి కడిగేవాళ్ళు ఎదురింటివాళ్ళకి కనిపించినంత మేరే కడుగుతారు. మా జీపు బానెట్టులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. నా మీద మాత్రం ఆర్నెల్ల కిందట రంపచోడవరం సంతలో తొక్కిన పేడ ఇంకా అలాగే ఉంది. ఒక్క చెంబుడు నీళ్ళు కిందకి కొడితే ఏం పోతుందో నాకు తెలీదు.

నేను పుట్టింది రెండు ముక్కలుగా. పళ్ళున్న ఒక ముక్క ఇంకో ముక్కలోకి దూరుతుంది. జీపు గోతిలో పడి లేచినప్పుడల్లా కాస్త సాగుతాను, కాస్త కుంచించుకుంటాను. రెండు చివర్లా చెరో పంగ ఉంటుంది. ఆ పంగలు రెండూ ఒకే వరసలో ఉండాలి. వరస తప్పితే ఒకటి తిప్పే తీరు ఇంకోదానికి పడదు, బండంతా వణుకుతుంది. అందుకని కార్ఖానాలో ఒకాయన ముక్కకొకటి చొప్పున బాణం గుర్తు కొట్టాడు. బాణానికి ఎదురుగా బాణం పెట్టి బిగిస్తే సరి. చదువు రానివాడికి కూడా తెలిసిపోవాలని ఆయన ఉద్దేశం. చదువు వచ్చినవాళ్ళ గురించి ఆయన ఆలోచించలేదు.

తర్వాత నన్ను గిర్రున తిప్పి చూసి, ఒక పక్క బరువు తక్కువైందని బొట్టుబిళ్ళంత ఇనప ముక్క అతికించారు. చూడ్డానికి బాగుండదు. కానీ నేను నిలకడగా తిరుగుతున్నానంటే దాని చలవే.

మొదటి పదహారేళ్ళు ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేశాను. కొండలెక్కడానికి కొన్న జీపు అది. ఎక్కువగా ఆఫీసరు గారి పిల్లల్ని ట్యూషనుకి తీసుకెళ్ళింది. ఆ తర్వాత వేలం వేశారు. వేలానికి చిట్టూరి భాస్కరం మాస్టారు రెండు కుర్చీలు కొందామని వచ్చారు. కుర్చీలు వేరేవాళ్ళు పాడేసుకున్నారు. ఉత్త చేతులతో ఇంటికెళ్ళడం నామోషీ అనిపించి జీపు పాడేశారు.

మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్తారు. మంచి మనిషి. ఒకటే బలహీనత, మిగిలిన రంగుని వృథా పోనివ్వలేరు. పోయినేడు దసరాకి గేటుకి ఆకుపచ్చ రంగు వేస్తే సగం డబ్బా మిగిలింది. దాంతో కిటికీ ఊచలకి వేశారు. నీళ్ళ బిందెల స్టాండుకి వేశారు. ఇంకా అడుగున కాస్త మిగిలింది. ఆయుధపూజకి బండి మొత్తం కళకళ్ళాడాలి కదా అని నన్ను ఊడదీశారు. నిలువునా వరండాలో పరిచిన పేపరు మీద పట్టలేదు. దాంతో రెండు ముక్కలుగా లాగి, శ్రద్ధగా మూడు పూతలు వేసి, ఆరాక మళ్ళీ గుచ్చి బిగించారు. బొట్టు పెట్టారు, నిమ్మకాయ తొక్కించారు. బాణాలు రంగు కింద పడుకున్నాయి. నేను రెండు పళ్ళు పక్కకి జరిగి కూర్చున్నాను.

ఆ మర్నాటి నుంచి వణుకు.

ఉత్త సరదాకి తిరిగే బండయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ మాస్టారి భార్య కనకరత్నం గారు కొండమీద ఆడపిల్లల హాస్టలుకి గుడ్లు వేస్తారు. అనపర్తి నుంచి వచ్చిన ట్రేలని ప్రతి సోమవారం తెల్లవారగానే మాస్టారు జీపులో పైకి తీసుకెళ్ళి, బడి గంటకి కిందకి దిగిపోతారు. ఆ పని ఆవిడ ఎవరి సిఫార్సూ లేకుండా, వార్డెను చుట్టూ మూడు నెలలు తిరిగి సంపాదించుకున్నది. ఇప్పుడు మొదటి వారం పన్నెండు గుడ్లు పగిలాయి. నాలుగు నెలలు తిరిగేసరికి ట్రేలో సగం సొన. వార్డెను మర్యాదగానే చెప్పింది. పిల్లలకి సగం గుడ్డు పెట్టలేనని, ఇంకో సోమవారం చూస్తానని, ఆ తర్వాత వేరేవాళ్ళని చూసుకుంటానని.

ఈ నాలుగు నెలలూ మాస్టారు ఊరుకున్నారనుకోకండి. తెలిసినవాడొక్కణ్ణి తప్ప అందర్నీ అడిగారు. స్టాఫ్ రూములో హిందీ మాస్టారు టైర్లన్నారు, టైర్లు మార్చారు. సోషలు మాస్టారు బండి దక్షిణం వైపు పెడుతున్నారన్నారు, తూర్పు వైపు పెట్టారు. డాష్‌బోర్డు కింద పాత క్యాలెండరు మడిచి దోపారు. గుడ్ల కింద పరుపు వేశారు. ఆ వారం నుంచి గుడ్లు పరుపు మీద పగిలాయి. పాతిక స్పీడులో వెళ్తే వణుకు రాదని కనిపెట్టి ఒక సోమవారం అలాగే వెళ్ళారు. గుడ్లు దక్కాయి, బడి గంట దాటిపోయింది. వెనకొచ్చిన పాలవాడు మోపెడ్డు మీద దాటిపోతూ, ఏమైనా సాయం కావాలా అని అడిగాడు.

వార్డెను ఆ మాట చెప్పిన సాయంత్రం కనకరత్నం గారు పరుపు ఉతుకుతూ అన్నారు.

"వచ్చే సోమారం గుడ్లు గుడ్లుగా ఎల్లాలండి. ఎల్లాయా, సరే. లేదా, మంగళారం ఈ బండి పాతినప కొట్టుకి ఎల్లిపోద్ది."

గట్టిగా అనలేదు. అందుకే నాకు భయం వేసింది. పాతినప కొట్టు నేను రోడ్డు మీంచి చూశాను. అక్కడ నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు.

మర్నాడు ఆవిడే వెళ్ళి మెకానిక్కు మౌలాలి గారిని పిలుచుకొచ్చారు. ఆయన ముప్ఫయ్యేళ్ళుగా జీపుల కింద పడుకున్న మనిషి. వచ్చీరాగానే స్పానరు తియ్యలేదు. మాస్టారిని నడపమని, పక్కన తను కూర్చుని, వెనక సీట్లో కనకరత్నం గారి ఒళ్ళో ఒక గుడ్ల ట్రే పెట్టించారు. ముప్ఫైలో గుడ్లు నిద్రపోతున్నాయన్నారావిడ. నలభై దాటాక మాట్లాడుకుంటున్నాయన్నారు. దిగుడులో న్యూట్రలు చెయ్యమన్నారు మౌలాలి గారు. ఇంజను శబ్దం తగ్గింది, గుడ్ల కబుర్లు తగ్గలేదు. అంటే ఇంజను దోషం కాదు. స్టీరింగు వణకట్లేదు, సీటు వణుకుతోంది. అంటే ముందు చక్రాలూ కావు. వెనక చక్రమైతే నెమ్మదిగా ఊపేదనీ, ఇది చిలుకుతోందనీ, కాబట్టి చక్రం కంటే జోరుగా తిరిగేదేదో అనీ చెప్పి, బండాపించి, కిందకి దూరారు.

నాలుగు నెలల తర్వాత ఒక మనిషి నా వంక చూశాడు.

"మాస్టారూ," అన్నారు కింద నుంచి, "దీనికి రంగేసిందెవరండి?"

"నేనే. బావుందా?"

"బావుందండి. గేటుకీ ఇదే అనుకుంటాను. ఊడదీసినప్పుడు ముక్కకో బాణం గుర్తు ఉండాలి, చూసేరా?"

"ఏవో పిచ్చిగీతలున్నాయి మౌలాలి గారూ. ఎవరో పిల్లలు గీసుంటారని కప్పెట్టేశాను."

జీపు కిందకి పాకి, పొట్ట మీద బాణాలు గీసి వెళ్ళే పిల్లలెవరో మౌలాలి గారు అడగలేదు. పెద్దమనిషి. గోటితో రంగు గీకారు. ఒక బాణం బయటపడింది. రెండోదాని కోసం చుట్టూ గీకాల్సి వచ్చింది, అది ఉండాల్సిన చోట లేదు కాబట్టి. నన్ను విడదీసి, రెండు పళ్ళు తిప్పి, బాణానికి బాణం కలిపి గుచ్చారు. వణికి వణికి అరిగిపోయిన, వెనక పంగలో ఉండే క్రాసు ముక్క కూడా మార్చారు. వెళ్తూ, గొట్టానికి అతికించి ఉన్న ఇనప ముక్క మాత్రం ముట్టుకోవద్దని చెప్పారు. మాస్టారు అప్పుడు పెరట్లో చెయ్యి కడుక్కుంటున్నారు.

కనకరత్నం గారు మొగుణ్ణి ఒక్క మాటే అన్నారు. "నాలుగు నెల్లుగా ఆ టైర్లని ఊరికే తిట్టేరండి, పాపం."

సోమవారం కనకరత్నం గారిని కూడా ఎక్కించుకుని కొండ ఎక్కాం. నలభై, నలభై అయిదు. వెనక నుంచి చప్పుడు లేదు. హాస్టలు దగ్గర ట్రేలన్నీ విప్పితే ఒక్కటే గుడ్డు పగిలింది. అదీ, నిజంగానే పగల్లేదా అని మాస్టారు నొక్కి చూసినదే. వార్డెను ఆ మాటా ఈ మాటా చెప్పి, వచ్చే ఏడు కూడా మీరే వెయ్యండమ్మా అంది. కనకరత్నం గారు తల ఊపి, జీపు దగ్గరకొచ్చి బానెట్టు మీద ఒకసారి తట్టారు. నన్ను తడదామనే అనుకుని ఉంటారు. నేనెక్కడుంటానో ఆవిడకి తెలీదు.

మాస్టారు కూడా మారారు. ఆ వారమే కిందకి దూరి రెండు బాణాలకీ తెల్లరంగు దిద్దారు. తర్వాతి వారం అవి రెండు చిలకలయ్యాయి. ముక్కుకి ముక్కు కలిస్తేనే సరిగ్గా బిగించినట్టు. మౌలాలి గారు చూసి, ముప్ఫయ్యేళ్ళలో ఇంత పనికొచ్చే బొమ్మ చూడలేదన్నారు. కొండ మీద పిల్లలు వంగి మరీ చూస్తున్నారు. రిపేరుకి కాకుండా ఎవరైనా నా వంక చూడటానికి వంగడం నా జీవితంలో ఇదే మొదలు. నిజం చెప్పాలంటే బావుంది.

అయితే ఇప్పుడు మళ్ళీ దసరా దగ్గరపడింది. గేటుకి ఈసారి పసుపు రంగు వేశారు. సగం డబ్బా మిగిలింది. ఆదివారం నుంచి మాస్టారు చాప వేసుకుని నా కింద పడుకుని, ఒక కన్ను మూసి చూస్తున్నారు. చిలకల పక్కన పులిపిరిలా ఉన్న ఆ ఇనప ముక్క ఒకటి తీసేస్తే బొమ్మకి నిండుదనం వస్తుందట. నిన్న ఇనుము అరగదీసే ఆకురాయి కూడా తెచ్చారు. మౌలాలి గారు కూతురింటికి భద్రాచలం వెళ్ళారు, పండగయ్యాక గానీ రారు. కనకరత్నం గారు పిండివంటల్లో ఉన్నారు.

నాకు వచ్చిన భాష వణుకు ఒక్కటే. వణికానా, ఆయన మళ్ళీ టైర్లు మారుస్తారు.

మీ ఇంట్లోనూ సగం డబ్బా రంగూ, ఖాళీ ఆదివారమూ ఉన్న పెద్దమనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆయన్ని నొప్పించకుండా, ఆ చేతిలోంచి ఆకురాయి ఎలా తీసుకుంటారు? తెలిసినవాళ్ళు కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి బాబూ. పూజ శుక్రవారం.