పట్టుకునే మనిషి

"గట్టిగా పట్టుకో. కదిలావంటే ఇది కూడా వంకరపోతుంది" అంటూ మా ఆయన ముసుగు దించుకున్నాడు.

ఏడేళ్లుగా మా షెడ్డులో నా జీతం లేని ఉద్యోగం ఇదే. ఆయన వెల్డింగ్ చేస్తుంటే గేటు ఫ్రేమును బల్లకేసి అదిమి పట్టుకోవాలి. క్లాంపులు లేకపోలేదు, బల్ల కింద తుప్పు పడుతున్నాయి. "నువ్వుండగా అవెందుకు? బిగించి విప్పేసరికి పూట గడిచిపోతుంది" అంటాడు.

ఆసుపత్రికి నమూనాగా చేసిన గేట్లు రెండూ వంకరపోయాయి. ఇవాళ మధ్యాహ్నానికి మూడోది తిన్నగా రాకపోతే వేరే షెడ్డు చూసుకుంటానంది ఇంజనీరమ్మ. "మా ఆవిడ చెయ్యి కదిలిందండీ" అన్నాడాయన, నా ఎదుటే. రాత్రి అన్నం దగ్గర అత్తగారు "సాయం పట్టడం కూడా రాకపోతే ఎలాగమ్మా" అంది.

నా చెయ్యి కదల్లేదు. ఇనుము కాలితే సాగుతుంది, చల్లారుతూ ముడుచుకుంటుంది. ఒక మూల నుంచి ఆపకుండా అతుకు వేసుకుంటూ పోతే ఫ్రేమంతా ఆ వైపుకే లాగేస్తుంది. ఆ లాగుడు నా అరచేతులకు తెలుసు. చెబితే "నాకే నేర్పుతావా" అంటాడని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. అందుకు నా మీద నాకే కోపం.

ఇంతలో ఆయన ఫోను మోగింది. ఇనుము తెచ్చిన లారీ సందు మొదట్లో ఇరుక్కుపోయిందట. "కదలకు, ఇప్పుడే వస్తా" అని వెళ్లాడు.

కదిలాను. క్లాంపులు లాగి ఫ్రేమును బల్లకు బిగించాను. ఆయన లేనప్పుడు చిన్నాచితకా అతుకులు వేసిన చెయ్యే నాది. ముందు నాలుగు మూలలా చుక్కల్లాంటి చిన్న అతుకులు పెట్టాను. తర్వాత ఇక్కడ అంగుళం, ఎదురు మూలన అంగుళం, మధ్యలో చల్లారడానికి కాస్త ఆగడం.

ఆఖరి అతుకు ఇంకా ఎర్రగా ఉండగానే వచ్చాడు. "ఎవరు చెయ్యమన్నారు నిన్ను? ఇంజనీరమ్మ వచ్చే వేళయింది, విప్పు" అంటూ క్లాంపు మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడు విప్పితే మెలి తిరుగుతుంది. చెయ్యి తీయండి."

ఆయనతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన చెయ్యి తీశాడు.

ఇంజనీరమ్మ వచ్చి మూలకీ మూలకీ ఐమూలగా టేపు పెట్టి చూసింది. రెండు కొలతలూ ఒక్కటే. "మిగతా పన్నెండూ ఇలాగే రావాలి. ఎవరు చేశారిది?"

"నేనేనండీ" అన్నాడాయన, కనురెప్ప వాల్చకుండా.

నేను చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టాను.

"ఆ పన్నెండూ చేసేది నేనండీ" అన్నాను. "పట్టుకోవడానికి ఆయన ఉంటారు."