ఎర్ర తాడు

"రండి బాబూ, రండి. మీటింగు మొదలెట్టేత్తన్నారు," అంటూ చలపతి రెండు చేతులూ చాచి, పునుగుల బల్ల దగ్గర పాతుకుపోయిన సభ్యులను హాల్లోకి తోలుతున్నాడు. యాభై ఎనిమిదేళ్ల బక్కపలచని మనిషి. నేలలు తుడిచి తుడిచి కుడిభుజం కిందికి వాలిపోయింది. వారమంతా పారమట్టాలో ఆఫీసులు శుభ్రం చెయ్యడం, ఆదివారాలు హారిస్ పార్క్‌లో ఈ తెలుగు సంఘం హాలు చూసుకోవడం, అదీ అతని బతుకు.

సంఘంవాళ్ల సంగతి చెప్పేదేముంది, తిండికి తిమ్మరాజులు, పనికి పోతరాజులు. సగంమందైనా కూర్చుంటే గాని కోరం ఉండదు, సమావేశం చెల్లదు. వాళ్లను కూర్చోబెట్టే పని ఏటా చలపతిదే. ఓటు మాత్రం లేదు. సంఘం దగ్గర జీతం పుచ్చుకునేవాడు సభ్యుడు కాకూడదని నియమం. వలసొచ్చి పౌరుడైన ఈ దేశంలో పార్లమెంటుకు ఓటు వెయ్యకపోతే అతనికి జరిమానా వేస్తారు. ఇక్కడ చెయ్యెత్తితే నవ్వుతారు.

ఈసారి ఆ నియమం మార్చాలన్న తీర్మానం ఉంది, అన్నిటికన్నా చివర. అందుకే ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చాడు.

అధ్యక్షుడు ద్వారకానాథ్ మైకు అందుకున్నాడు. తొమ్మిదేళ్లుగా అందుకుంటూనే ఉన్నాడు. ప్రసంగం కొండవీటి చాంతాడు. ఏథెన్స్‌లో పౌరులు కొండమీద చేరి చేతులెత్తి చట్టాలు చేశారట, రోములో కాన్సుల్ అంతటివాడికీ పదవి ఏడాదేనట. ఆ మాట అంటూ కన్నైనా ఆర్పలేదు. ఆయనగారి సిగ్గుకు ఎప్పుడో కోరం తప్పింది.

"ఫ్రెండ్స్, ఏథెన్స్‌లో జనం బజార్లో టైంపాస్ చేస్తుంటే, స్లేవ్స్ ఎర్ర రంగు పూసిన తాడు పట్టుకుని మీటింగ్‌కి పుష్ చేసేవాళ్ళు. బట్టలకి రంగు అంటితే ఫైన్! మన ఎర్ర తాడు ఎవరు? మన చలపతి!"

చప్పట్లు. గుమ్మం దగ్గర చలపతి కూడా నవ్వి, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

"సార్, మరి ఆ తాడట్టుకున్నోళ్ళకి ఓటుండేదాండి?"

"వాళ్ళు స్లేవ్స్ కదా చలపతీ!"

ఈసారి నవ్వులు ఇంకా గట్టిగా వచ్చాయి. చలపతి నవ్వలేదు.

చివరి తీర్మానం చదవబోతుండగా బిర్యానీ గిన్నెల మూతలు తీశారు. కుర్చీలు కదిలాయి. చలపతి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"రెండు నిమిషాలు బాబూ. చెయ్యెత్తేసి ఎల్దురుగాని."

"సారీ అంకుల్, పిల్లలకి ఆకలి," అంటూ అతని చేతుల కిందనుంచే దూరిపోయారు. కాదన్నవాడు ఒక్కడూ లేడు. కాదనడానికైనా కాస్త ధైర్యం కావాలి.

"కోరం లేదు చలపతీ, నెక్స్ట్ ఇయర్ చూద్దాం," అన్నాడు ద్వారకానాథ్, లైనులో తన చోటు చూసుకుంటూ. "కొంచెం వాటర్ బాటిల్స్ పట్రా."

"అలాగేనండి."

చలపతి గుమ్మం వదిలాడు. నీళ్ల సీసాలు తెచ్చి పేర్చాడు. బిర్యానీ వడ్డిస్తున్న సంఘం సభ్యురాలు శ్యామసుందరి దగ్గర ఆగాడు.

"నేనెల్తానమ్మా. ఇంక రాను."

"తినేసి వెళ్ళన్నయ్యా," అందావిడ, ఎవరికో ముక్కలు ఏరి వేస్తూ. ఎందుకు రావని అడగలేదు. అతను వెనక తలుపు తీసుకుని, స్టేషన్‌కేసి నడిచి, ఇంటికి పోయే స్కోఫీల్డ్స్ రైలెక్కాడు.

సాయంత్రం అందరూ వెళ్లాక వంటగది బల్లమీద ఒక కాగితపు ప్లేటు మిగిలింది. శ్యామసుందరి మర్చిపోకుండా చలపతికి తీసి ఉంచింది. బిర్యానీ, పెరుగు పచ్చడి, పైన బోర్లించిన ఇంకో ప్లేటు.