తలకెత్తిన పళ్ళెం

తప్పు నాదే. ఊరు పేరు అడక్కుండా పళ్ళెం ఎత్తాను.

మా వైద్యంలో వచ్చినవాడు పువ్వులు, కొవ్వొత్తులు, గుప్పెడు బియ్యం పళ్ళెంలో పెట్టి తెస్తాడు. దాన్ని తలకెత్తి గురువులకు మొక్కామంటే ఇక ఆ మనిషి మావాడు. బాగయ్యేదాకా వదలకూడదు. మా నాన్న నాకు ఈ విద్య నేర్పిన రోజుల్లో, ఆడదాని కాలు మగవాడి వీపు మీదేమిటని ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. వేళ్ళు తీశారుగానీ, నోళ్ళు మాత్రం ఇప్పటికీ మూయలేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరు ఒకణ్ణి మోసుకొచ్చి నా చాప మీద పడుకోబెట్టారు. నడుము పట్టేసి కొడవలిలా వంగిపోయి ఉన్నాడు. జాలేసి పళ్ళెం ఎత్తేశాను. ఆ తర్వాత అడిగాను.

“ఏ ఊరు నాయనా?”

“హువాయ్‌సాక్ పిన్నీ. పందెం పడవతో వచ్చాం. ముందు తెడ్డు నాదే. నా పేరు ఇన్‌కేవ్.”

మర్నాడు మా ఊరి పక్కన పారే నాన్ నది మీద ఆఖరి పందెం వాళ్ళ పడవకూ మా ఊరి పడవకూ. మేం గెలిచి పదకొండేళ్ళయింది. మా పడవలో వెనక తెడ్డు పట్టేది నా మొగుడు బున్‌పాన్.

కబురు తెలిసి బున్‌పాన్ రొప్పుకుంటూ వచ్చాడు. నన్ను గుమ్మం బయటికి పిలిచాడు.

“పిచ్చిదానా! వాడెవడో తెలుసా?”

“ఇప్పుడే తెలిసింది.”

“పళ్ళెం దించెయ్.”

“దించడానికి అదేమన్నా పొయ్యి మీద కుండా?”

అతను గొంతు తగ్గించాడు. “పోనీ, సగం తొక్కి పంపెయ్. నడిస్తే చాల్లే, తెడ్డు వెయ్యక్కర్లేదు. ఎవడికి తెలుస్తుంది?”

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నా మనసూ అటే లాగింది. పదకొండేళ్ళుగా పందెం రోజున ఈ మనిషి తడిబట్టలతో ఇంటికొచ్చి, అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకోవడం చూసినదాన్ని. కానీ లోపల నిప్పుల మీద మా నాన్న వాడిన నాగటి కర్రు ఎర్రగా కాలుతోంది.

“నాకు తెలుస్తుంది. నువ్వెళ్ళి పడవ ముక్కుకి మొక్కు గుడ్డలు కట్టుకో పో,” అన్నాను.

వాటికి కాలు తగలకూడదని ఇన్‌కేవ్ మెడలోని తాయెత్తులు తీసి, మోసుకొచ్చిన స్నేహితుడి చేతికిచ్చాడు. కాలు పెడుతున్నందుకు క్షమించమని నేను చేతులు జోడించాను. కాచిన నూనెలో పాదం ముంచి కర్రుకు తాకించగానే భగ్గున మంట లేచింది. ఏళ్ళుగా నిప్పుకు అలవాటుపడ్డ ఆ పాదం వేడివేడిగా అతని నడుము మీద మోపాను.

“అమ్మోయ్!”

“అరువు నాయనా, బాగా అరువు. అవతలి ఒడ్డున మీవాళ్ళకీ వినపడాలి.”

తొక్కాను, నొక్కాను, ఆవిరికి పెట్టిన మూలికల మూటతో కాపడం పెట్టాను. ఎండ వాలేసరికి లేచి నిలబడ్డాడు. వంగి తన కాలివేళ్ళు తాను ముట్టుకున్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

“పిన్నీ, రేపు మీ పడవతోనే మాకు పోటీ.”

“తెలుసు. నా మొహం చూసి చెయ్యి వదులు చేశావో, ఈ కాలితోనే తంతాను.”

మర్నాడు ఒడ్డున ఇసుకేస్తే రాలనంత జనం. రెండు పడవలూ పక్కపక్కనే దూసుకొచ్చాయి. మా పడవను చూడాల్సిన నా కళ్ళు అతని వీపు మీదే నిలిచిపోయాయి. వంగింది, లేచింది, మళ్ళీ వంగింది. ఎక్కడా పట్టు లేదు. వాళ్ళ పడవ ముందుకొనకు చెక్కిన నాగుతల బారెడు తేడాతో గీత దాటింది.

“బాగైపోయింది! నడుము బాగైపోయింది!” అని గెంతాను.

మా ఊరివాళ్ళంతా నావైపు తిరిగారు. ఊరిపెద్ద భార్య నాకూ పట్టిన తన గొడుగు పక్కకి లాగేసుకుంది. లాక్కోనీ! మొగుడు ఓడినందుకు బాధ లేదనను. కానీ నా పాదం నిలబెట్టిన నడుము అంతమంది ముందు నదినంతా చీల్చుకుంటూ వెళ్ళింది. ఆ సంతోషం ఎక్కడ దాచుకోను?

గెలుపు కప్పు అందుకోకముందే ఇన్‌కేవ్ మా ఒడ్డుకు వచ్చాడు. నాగుతల మెడలోని పూలదండ తీసి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని నా చేతుల్లో పెట్టాడు. ఆడపిల్లకి ఈ విద్యేమిటని ఒకప్పుడు మా నాన్నతో పోట్లాడిన ముసలాయన నా వెనకాలే ఉన్నాడు.

“ఎవరి కూతురనుకున్నారు!” అన్నాడు, నేర్పించింది తనేనన్నట్టు.

ఆ దండ ఇంటికి తెచ్చి నాన్న కర్రుకు వేశాను. బున్‌పాన్ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్నే ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని, రెండో చేత్తో పళ్ళెం పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. కొవ్వొత్తులు వంకర, సగం బియ్యం నేల పాలు. తనే సర్దుకున్నట్టున్నాడు.

“సగం తొక్కి పంపెయ్యనా?” అన్నాను.

“ఒసేయ్, మొత్తం తొక్కు. వచ్చే ఏడు వాణ్ణి ఓడించాలి.”

ఈసారి కూడా ఊరు పేరు అడక్కుండానే పళ్ళెం తలకెత్తాను.