లోపలివైపు గొళ్ళెం

"అవధానానికి భంగం కలిగించే కారకాలు రెండు రకాలు. మొదటివి బాహ్య కారకాలు. ఉదాహరణకు, శబ్దం..." అని నేను చదువుతున్నానో లేదో, "ఏమోయ్, నా చార్జర్ ఎక్కడ పెట్టావ్?" అని కేక. ఈ పుస్తకం రాసినాయన మా ఇంట్లో నాలుగు రోజులుండి వెళ్ళి రాశాడేమో అనిపించింది. నవ్వాపుకుని "వస్తున్నా" అని లేచాను. చార్జర్ నేను పెట్టలేదు. మా ఆయన కుర్చీ వెనక ప్లగ్గులోనే ఉంది, ఆయన పెట్టుకున్నచోటే. కానీ మా ఇంట్లో వస్తువు కనపడకపోతే 'ఎక్కడ పెట్టాను' అని ఎవరూ అనుకోరు, 'ఎక్కడ పెట్టావ్' అనే అడుగుతారు. తీసి చేతికిస్తే ఆయన మీటింగులోంచి తల తిప్పకుండానే అందుకుని, బొటనవేలు పైకెత్తి చూపించారు. మెచ్చుకున్నారన్నమాట.

నేను చదువుకునేది మా సామాన్ల గదిలో. జబ్బు భయానికి ఊరు ఊరంతా తలుపులేసుకున్నాక పడగ్గది ఆయన ఆఫీసైపోయింది. హాలు అత్తగారికీ టీవీకీ, మూలగది మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులకీ పోయాయి. నాకు వంటిల్లు ఎలాగూ ఉంది కదా అని ఎవరూ అడగలేదు. పాత పరుపులు, సూట్‌కేసులు, రెక్క విరిగిన ఫ్యాను ఉండే ఆ గదిని నేనే వెతుక్కున్నాను. కిటికీ లేదు, గాలి రాదు. ఒక్కటే సుఖం, చుట్టూ దుప్పట్లుండటం వల్ల గొంతు గోడలకి కొట్టుకుని ప్రతిధ్వనించదు. "దుప్పటి ముసుగేసుకుని చదువమ్మా, అచ్చం స్టూడియోలాగే ఉంటుంది" అని ఫోనులో చెప్పారు ఒక లెక్కల టీచరుగారు. ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. రిటైరయ్యాక చూపులేని పిల్లల హాస్టల్‌కి వెళ్ళి పుస్తకాలు చదివి వినిపించేవారట. హాస్టల్ మూసేసి పిల్లల్ని ఇళ్ళకి పంపించేశాక, పరీక్షలకి చదువుకునేవాళ్ళ గతేంకాను అని, ఫోనులో ఒక గ్రూపు పెట్టి, ఇళ్ళలో కూర్చున్న మాలాంటివాళ్ళని పోగేశారు. తలా ఒక పుస్తకం తీసుకోవాలి, పాఠం పాఠంగా చదివి రికార్డు చేసి పంపాలి. నాకొచ్చింది బోధనా మనస్తత్వశాస్త్రం. టీచరు ఉద్యోగం పరీక్షకి కూర్చుంటున్న ఒక అమ్మాయి కోసం. ఎక్కడో తన ఇంట్లో, తన మంచం మీద కూర్చుని, నా గొంతుతో చదువుకుంటోంది.

నా గొంతు గురించి కాస్త చెప్పాలి. పెళ్ళికి ముందు నేను బస్ స్టేషన్‌లో అనౌన్సర్‌ని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఏది ఆలస్యమవుతుందో చెప్పేదాన్ని. నేను ఒక్కమాటంటే ఎంతమందో మూటలెత్తుకుని పరిగెత్తేవాళ్ళు. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్తగారు నవ్వుతూనే అన్నారు, "ఊరంతా విన్న గొంతు, ఇంట్లో కాస్త తగ్గించుకో తల్లీ." ఆయన ఇంకా సరదా మనిషి. "మైకు మింగి పుట్టావా ఏంటి?" అనేవారు స్నేహితుల ముందు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. ఉద్యోగం మానడం ఎంతసేపు, ఒక కాగితం ఇచ్చేస్తే అయిపోయింది. గొంతు తగ్గించుకోడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. ఆఖరికి ఎంత తగ్గిందంటే, పక్కగదిలోంచి నేను పిలిస్తే ఎవరికీ వినపడదు. వాళ్ళు పిలిస్తే నాకు మాత్రం ఇంట్లో ఏ మూలనున్నా వినపడుతుంది.

అందుకే ఆ దుప్పటికింద మొదటిరోజు నోరు తెరిచినప్పుడు, ఇదెవరి గొంతురా బాబూ అని నేనే ఉలిక్కిపడ్డాను.

ఒకరోజు టీ తీసుకుని పడగ్గది తలుపు దగ్గరికి వెళ్తే లోపల ఆయన మాట్లాడుతున్నారు. ఈ కష్టకాలంలో ఎవరెవరు ఏం సేవ చేస్తున్నారో చెప్పమని ఆఫీసులో పెద్దవాళ్ళు అడిగినట్టున్నారు. "మేం ఇంట్లో చూపులేని విద్యార్థులకి పుస్తకాలు రికార్డు చేసి పంపిస్తున్నాం సార్. ఏదో, మనకి చేతనైనంత" అంటున్నారు. చప్పట్లు వినపడ్డాయి. మేం అట! ఆ 'మేం'లో ఆయన వాటా ఏంటా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. చార్జర్ తప్ప ఏమీ తట్టలేదు. లోపలికెళ్ళి కప్పు పెట్టాను. ఆయన మైకు ఆపి, "చక్కెర తక్కువైనట్టుంది, నిన్న కూడా" అన్నారు మెల్లిగా.

పరీక్ష తేదీ రెండుసార్లు మారి, మూడోసారి ఖాయమైంది. ఇంకా స్మృతి పాఠం, ప్రేరణ పాఠం, మూర్తిమత్వం పాఠం మిగిలాయి. టీచరుగారు ఫోన్ చేశారు. "ఏమ్మా, నీ రికార్డింగులు మరీ నిదానంగా వస్తున్నాయి. ఇంట్లో ఇబ్బందైతే మొహమాటపడకు, మిగతావి ఇంకొకరికి ఇచ్చేస్తాను. ఆ పిల్లకి టైము లేదు." ఆవిడ తప్పేం లేదు. కానీ వదులుకోడానికి నాకు మనసొప్పలేదు. అది నా పుస్తకం. "ఒక్క రెండు రోజులు చూడండి టీచరుగారూ" అన్నాను. "ముందు ఆ అమ్మాయితోనే మాట్లాడు, తనకి ఎలా వీలో" అని నంబరు ఇచ్చారావిడ.

మధ్యాహ్నం అంట్లు తోమి, చేతులు తుడుచుకుని ఫోన్ చేశాను. నేను "హలో" అనగానే అటువైపు ఒక్క కేక. "అక్కా! మీరే కదూ!" పరిచయం చేసుకోనే లేదు నేను. "మీ అవధానం పాఠం నాకు కంఠతా వచ్చేసిందక్కా. అడగండి కావాలంటే. చార్జర్ తర్వాత అవధాన విస్తృతి. 'టీ అయిందా' తర్వాత అవధాన డోలనం. పెద్దావిడ 'రిమోట్ పనిచెయ్యట్లేదే' అన్నాక సంసిద్ధత. ఎంత బాగా గుర్తుంటున్నాయో! పరీక్ష హాల్లో కూడా నాకు బావగారే దిక్కు."

పాఠం మధ్యలో వచ్చే కేకలన్నీ కత్తిరించి పంపాలి. మా అమ్మాయి నేర్పించింది కూడా. కత్తిరించిన ఫైలూ, కత్తిరించని ఫైలూ ఫోనులో పక్కపక్కనే అక్కచెల్లెళ్ళలా కూర్చునుంటాయి. నేను పంపిందల్లా కత్తిరించనిది. మొదటి పాఠం నుంచీ అంతే. మా ఇల్లు ఇల్లంతా ఆ పిల్ల చెవిలో కాపురం చేస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. "అయ్యయ్యో, చెప్పకపోయావా అమ్మా! మళ్ళీ సరిగ్గా పంపిస్తాను."

"వద్దక్కా, వద్దు. నా గుర్తులన్నీ పోతాయి" అంది నవ్వుతూ. తర్వాత నవ్వాపి అడిగింది, "ఒకటి చెప్పనా? కోప్పడరుగా?"

"చెప్పు."

"మీరు 'వస్తున్నా' అని వెళ్తారు చూడండి. మళ్ళీ వచ్చి చదివేటప్పుడు మీ గొంతు అది కాదక్కా. మొదట్లో ఎంత బాగుంటుందో, నా ఎదురుగా కూర్చుని చెప్తున్నట్టే ఉంటుంది. వెళ్ళొచ్చాక చిన్నదైపోతుంది. ఇంకోసారి వెళ్ళొస్తే ఇంకా చిన్నది. పాఠం అయ్యేసరికి మీరు ఎవరికో భయపడి గుసగుసలాడుతున్నట్టుంటుంది. మొదట ఫోను పాడైందేమో అనుకున్నాను. కాదు. అందుకే మీరు 'వస్తున్నా' అన్నప్పుడల్లా నాకు గుబులేస్తుంది."

"పుస్తకం ఇంకొకళ్ళకి ఇచ్చేయమంటావా?" అని అడిగాను. అడిగేటప్పుడు నా గొంతు నాకే వినపడింది, తను చెప్పినంత చిన్నగా.

"మీ గొంతుతో సగం పుస్తకం బుర్రలోకి ఎక్కాక ఇప్పుడు వేరే గొంతంటే ఎలా అక్కా?" అంది.

ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని ఆ అవధానం పాఠం రికార్డింగు మొత్తం విన్నాను. నన్ను నేను అలా విన్నది ఎప్పుడూ లేదు. ఎంత తియ్యగా అంటున్నానో 'వస్తున్నా' అని! వాళ్ళ పిలుపు పూర్తి కాకముందే అనేస్తున్నాను. "ఏమో..." అనేసరికే "వస్తున్నా". "అమ్..." అంటే చాలు, "వస్తున్నా". ఒకచోట ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ విన్నాను. మళ్ళీ విన్నాను. అక్కడ ఎవరూ పిలవలేదు. టీవీలో ఎవరో నవ్వారు, అంతే. నేను మాత్రం "వస్తున్నా" అని పుస్తకం మూసి, తలుపు తీసుకుని వెళ్ళాను. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత తిరిగొచ్చి, చిన్న గొంతుతో, ఎక్కడ ఆపానో వెతుక్కుంటున్నాను. పాపం అనిపించింది. ఎవరో పరాయిమనిషి మీద జాలేసినట్టు, ఆ గొంతు మీద జాలేసింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

భోజనాల దగ్గర చెప్పాను. "రేపట్నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక టీ వేళ దాకా నేను సామాన్ల గదిలో ఉంటాను. నన్ను పిలవద్దు."

ఆయన చాలా మంచిగా విన్నారు. "దానికింత సీరియస్ ఎందుకు? రాత్రి మేమందరం పడుకున్నాక చదువుకో. ఎవరూ డిస్టర్బ్ చెయ్యరు."

"మీ మీటింగులు రాత్రి మేం పడుకున్నాక పెట్టుకోకూడదూ?"

"అది ఉద్యోగమే బాబూ!"

"ఇదీ పనే."

"డబ్బులు రాని పనికి ఇంత హడావిడా అని."

"వంట కూడా డబ్బులు రాని పనే. మానేద్దామంటారా?"

మా అమ్మాయికి పొరబోయింది. అత్తగారు నీళ్ళ గ్లాసు దానివైపు జరుపుతూ, "పుణ్యకార్యమే, కాదన్నదెవరు? ఇంట్లో పని చూసుకుని చేసుకుంటే పోలా" అన్నారు. "సరే సరే, పిలవంలే" అన్నారాయన చేతులెత్తేసి. పాపం, మాట ఇచ్చేటప్పుడు నిజంగానే ఇచ్చారు.

మర్నాడు స్మృతి పాఠం మొదలుపెట్టాను. రెండో పేరాలో తలుపు తోసుకుని తల లోపలికి పెట్టారు. "పిలవట్లేదు. ఒక్కటే అడుగుతున్నా. నా నీలం ఫైలు..." ఆ వెనకే అత్తగారు, "తలుపు తీసే ఉందిగా, ఆ పరుపు దుమ్ము ఓసారి దులుపు" అన్నారు. అప్పుడు చూశాను ఆ తలుపు వంక. ఇన్నేళ్ళుగా తీస్తూ వేస్తూ ఉన్న తలుపే. దానికి గొళ్ళెం బయటివైపే ఉంది. సామాన్ల గదికి అంతే కదా, బయటి నుంచి మూస్తారు. సామాన్లు లోపలినుంచి గొళ్ళెం పెట్టుకుంటాయని ఎవరనుకుంటారు?

షాపులన్నీ మూసేసి ఉన్నాయి. కొత్త గొళ్ళెం దొరకదు. అయితేనేం, ఉన్నది ఉందిగా. ఆయన పనిముట్ల డబ్బా అటక మీంచి దించాను. మరలు తుప్పుపట్టి మొండికేశాయి. వంటనూనె పోసి, కాస్త నానబెట్టి, స్క్రూడ్రైవర్ మీద నా బరువంతా వేసి తిప్పాను. అరచెయ్యి బొబ్బలెక్కింది. మొదటి మర కిర్రుమని కదిలినప్పుడు వచ్చిన సంతోషం అంతా ఇంతా కాదు. చప్పుడుకి ఆయన హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని వచ్చారు.

"ఏం చేస్తున్నావు?"

"గొళ్ళెం లోపలికి మారుస్తున్నాను."

"చెప్తే నేను చేసేవాణ్ణి కదా."

"హాల్లో ఫ్యాను గురించి కూడా చెప్పాను" అన్నాను. రెక్క విరిగిన ఫ్యాను నా పక్కనే పరుపుల మీద పడుకుని ఉంది. ఆయన దాని వంక చూసి, హెడ్‌ఫోన్లు మళ్ళీ చెవులకి తగిలించుకున్నారు.

అత్తగారు టీవీ వదిలి గుమ్మం దాకా వచ్చారు. "సంసారం చేసే ఇంట్లో ఆడది లోపల గడియ పెట్టుకు కూర్చోడమేంటే? ఎవరైనా వింటే ఏమనుకుంటారు?"

"చదువు చెప్తోందనుకుంటారు అత్తయ్యా" అన్నాను. గొంతు తగ్గించలేదు. బస్ స్టేషన్ గొంతుతోనే అన్నాను. హాలంతా మోగింది. ఆవిడ ఒక్కక్షణం నా మొహంలోకి చూసి, వెళ్ళి టీవీ ముందు కూర్చున్నారు. కాసేపటికి దాని సౌండు తగ్గింది. నా కోసమో, విసుగొచ్చో నాకు తెలీదు.

కొత్తచోట గొళ్ళెం కాస్త వంకరగా కుదిరింది. పడుతుంది, అది చాలు. మర్నాడు టీ డికాక్షను కాచి మూతపెట్టాను, పాలు ఎక్కడున్నాయో చెప్పాను, చక్కెర డబ్బా ఆయన ల్యాప్‌టాప్ పక్కనే పెట్టొచ్చాను. సామాన్ల గదిలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టాను. దుప్పటి కప్పుకుని పుస్తకం తెరిచాను.

"స్మృతికి సంబంధించిన అంశాలు నాలుగు. అభ్యసనం, ధారణ, పునఃస్మరణ, గుర్తింపు..."

తలుపు తట్టారు. "ఏమోయ్." 'వస్తున్నా' అనే మాట గొంతుదాకా వచ్చేసింది. అలవాటు అంత తేలిగ్గా చస్తుందా! పెదవులు కూడా కదిలాయి. నిజంగానే ఏ పొయ్యిమీదో ఏదో మాడిపోతోందేమో, అత్తగారికి కళ్ళు తిరిగాయేమో, అమ్మాయి ఏడుస్తోందేమో అని ఒక్కసారిగా వంద అనుమానాలొచ్చాయి. చెవి పెట్టి విన్నాను. మాడిన వాసన లేదు, ఏడుపు లేదు. "చెంచా ఎక్కడుంది?" అంటున్నారు. మింగేశాను ఆ మాటని. వేలు పెట్టి వరస వెతుక్కుని, అదే గొంతుతో తర్వాతి వాక్యం చదివాను. మళ్ళీ తట్టారు. మళ్ళీ చదివాను. బయట మా అమ్మాయి, "స్టాండులో చూడు నాన్నా" అనడం వినిపించింది. ఆ పైన గిన్నెల చప్పుడు, ఏదో కింద పడ్డ చప్పుడు. నేను పేజీ తిప్పాను. పాఠం మొత్తం ఒక్క ఊపులో అయిపోయింది. ఈసారి ఏదీ కత్తిరించలేదు. తెలిసే, అలాగే పంపాను.

బయటికొస్తే వంటింట్లో పాలు పొంగి పొయ్యంతా అట్టకట్టి ఉంది. ఆయన కప్పులో టీ తాగుతూ, "చక్కెర ఎక్కువైంది" అన్నారు. నేను వేసింది కాదని అప్పుడు గుర్తొచ్చి, కప్పులోకి చూసుకున్నారు. పొయ్యి తుడిచే గుడ్డ తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టి, ప్రేరణ పాఠంలో ఎన్ని పేజీలున్నాయో చూసుకోడానికి వెళ్ళాను.

చీకటి పడే వేళకి ఆ అమ్మాయి వాయిస్ మెసేజ్ వచ్చింది. హాల్లో అందరి మధ్యా నిలబడి, ఫోను చెవి దగ్గర పెట్టుకోకుండా, పైకే వినపడేలా పెట్టాను.

"అక్కా, స్మృతి పాఠం మొత్తం విన్నాను. తలుపు కొడుతూనే ఉన్నారు, కొడుతూనే ఉన్నారు. ఇప్పుడు 'వస్తున్నా' అంటారు, ఇప్పుడు అంటారు అని ఆఖరిదాకా భయపడుతూనే విన్నాను. మీరు ఎక్కడికీ వెళ్ళలేదక్కా."